పర్సనాలిటీ, పాత్రత

"మంచి పర్సనాలిటీ అండీ!" అని తెలుగువాళ్ళం ఎవరి గురించి అన్నా వినేవాళ్ళకి ముందు తోచేది ఒళ్ళు. ఆరడుగుల ఎత్తు, వెడల్పాటి భుజాలు, నిటారైన నడక. మనిషి ఉత్తముడో కాదో, నిదానస్తుడో కోపిష్టో ఆ మాటలో తెలియదు. "పర్సనాలిటీ ఉంది గానీ బుర్ర లేదు" అని ఒకే ఊపిరిలో అనేస్తాం, అందులో పొసగనిదేదీ కనిపించదు. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు, సినిమా హీరోల ముచ్చట్లలో, పోలీసు సెలక్షన్ల దగ్గర ఈ మాటకు ఇదే అర్థం. ఆడవాళ్ళ గురించి వాడితే భారీ మనిషి అనే సూచన కూడా ఉంటుంది.

ఇంగ్లిషులో ఈ మాట స్వభావానికి పేరు. అందుకే స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసులో మాస్టారు మన వాడుకను తప్పని దిద్దుతారు. నేను ఆ వాడుక పక్షాన మాట్లాడదలచుకున్నాను. ఒంటి గురించి చెబుతున్నప్పుడు ఒంటి గురించే చెబుతున్నామని ఒప్పుకునే నిజాయితీ అందులో ఉంది. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఇంటర్వ్యూ గదుల్లో కొరవడింది ఆ నిజాయితీయే. అక్కడ ఈ మాట స్వభావాన్ని కొలుస్తానంటుంది, కన్ను మాత్రం ఒంటిని కొలుస్తూ ఉంటుంది. ఆ సందులో జారిపోతున్న పిల్లల కోసమే ఈ చర్చ.

మాట పుట్టింది నాటకశాలలో. లాటిన్‌లో 'పెర్సోనా' అంటే నటుడు తొడుక్కునే ముసుగు. టెట్‌కీ డీఎస్సీకీ చదివినవాళ్ళకు ఇది ఒక మార్కు బిట్టుగా కంఠతా వచ్చు. ముసుగులోంచి గొంతు మోగుతుంది కాబట్టి, 'గుండా మోగడం' అనే అర్థమున్న క్రియ నుంచి ఆ పేరు వచ్చిందని ఒక పాత రోమన్ పండితుడు చెప్పినట్టు రెండో శతాబ్దంలో ఆలస్ గెల్లియస్ రాశాడు. చెవికి ఇంపైన వ్యుత్పత్తే గానీ నిలవదు. పెర్సోనాలో ఓకారం దీర్ఘం, ఆ క్రియలో హ్రస్వం. ఇటలీలోని తార్కినియా దగ్గర ఒక ప్రాచీన సమాధి గోడమీద ముసుగు మనిషి బొమ్మ ఉంది, దాని పక్కన ఎట్రుస్కన్ లిపిలో 'ఫెర్సు' అని రాసి ఉంది. లాటిన్ మాట అక్కణ్ణుంచి వచ్చి ఉంటుందని చాలామంది భాషావేత్తల ఊహ. ఎటునుంచి వచ్చినా మొదట ఉన్నది ముఖం మీద పెట్టుకున్న ఇంకో ముఖం. తర్వాత ఆ మాట ముసుగు నుంచి వేషానికి, వేషం నుంచి న్యాయస్థానంలో హక్కులున్న మనిషికి, చివరికి ఆ మనిషి లోపలి తత్వానికి జరిగింది.

దీనికి మనం కట్టుకున్న రెండు మాటలూ ఇంతే. మనస్తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో పర్సనాలిటీని 'మూర్తిమత్వం' అంటారు. మూర్తి అంటే ఆకారం. గడ్డకట్టడం, గట్టిపడటం అనే అర్థమున్న 'మూర్ఛ్' ధాతువు దానికి మూలం. ఒంటికి సంబంధించిన మూర్ఛా, గుడిలోని మూర్తీ ఒకే ధాతువు బిడ్డలు. పుస్తకాల షాపుల్లో చెల్లే మాట 'వ్యక్తిత్వం'. యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' పెట్టే అరకు 'వ్యక్తిత్వ వికాసం' అని పేరు. వ్యక్తి అంటే వెలికి తెలిసేది, కంటికి స్పష్టమయ్యేది. 'వి' ఉపసర్గ తీసేస్తే మిగిలేది 'అంజ్' ధాతువు. కంటికి పెట్టుకునే అంజనం దాని నుంచే వచ్చింది. ముసుగు, ఆకారం, కంటికి ఆనేది. లోపలి మనిషికి పేరు పెట్టబోయిన ప్రతిసారీ భాష పైపైన కనిపించేదాన్నే పట్టుకుంది. లోపలికి చూడటం కష్టం, పైన చూడటం తేలిక. మాటలు ఆ తేలికదారినే నడిచాయి, మనుషులూ అంతే.

ఇక ఆ ఇంటర్వ్యూ గదుల సంగతికి వస్తే, 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2022-23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో పనిచేసేవాళ్ళు తొమ్మిది లక్షలు దాటారు. ఈ కొలువుల చుట్టూ అమీర్‌పేటలో ఇంకో లోకం పెరిగింది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలన్నీ జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, వాటి కింద సాఫ్ట్ స్కిల్స్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, నవంబర్‌లో రాయదుర్గం దాకా మెట్రో పడ్డాక, నేర్చుకునే చోటుకీ పరీక్షించే చోటుకీ మధ్య కొన్ని స్టేషన్ల దూరమే మిగిలింది. ఆ దారిలోనే మాట అర్థం కూడా మారుతుంది. ఊళ్ళో పర్సనాలిటీ అంటే ఎత్తూ ఒడ్డూ. అమీర్‌పేటలో అది ఫీజు కట్టి పెంచుకునే సరుకు. రాయదుర్గంలో దిగేసరికి మార్కులు పడే అంశం.

అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళ ముందు టీకొట్టు దగ్గర సాయంత్రం పూట ఇలాంటి మాటలు వినిపిస్తాయి.

"ఏమైందిరా?"

"టెక్నికల్ అయిపోయింది. హెచ్‌ఆర్‌ల పోయింది."

"ఏమడిగిండ్రు?"

"ఏమడగలే. చూసిండ్రు, అంతే."

నేను చూసిన ఒక ఇంటర్వ్యూ ఫారం గురించి చెప్పాలి. ఏ4 కాగితం, ఐదు గడులు. టెక్నికల్, కమ్యూనికేషన్, కాన్ఫిడెన్స్, యాటిట్యూడ్, పర్సనాలిటీ. టెక్నికల్ గడిలో పరీక్షించినాయన చేత్తో రాసిన వివరం ఉంది: లూపులు సరిగ్గా చెప్పాడు, ఎస్‌క్యూఎల్ జాయిన్ల దగ్గర తడబడ్డాడు, సూచన ఇస్తే సర్దుకున్నాడు. ఆ మూడు ముక్కలు చదివితే కుర్రాడేమిటో నాకు కొంత తెలిసింది. పర్సనాలిటీ గడిలో 'రెండు' అనే అంకె ఉంది. ఐదుకు రెండు. ఎందుకు రెండో ఒక్క అక్షరం లేదు. ఆ గడి కట్టినవాళ్ళు ఏం కొలవమన్నారో లేదు, కొలిచినవాళ్ళు ఏం చూశారో లేదు. పక్కనున్న కాన్ఫిడెన్స్‌కూ రెండే, యాటిట్యూడ్‌కూ రెండే.

ఇలా ఒకే అంకె పక్క గడుల్లోకి పాకడాన్ని వందేళ్ళ కిందటే పట్టుకున్నవాడు మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్. అమెరికా సైన్యంలో అధికారులు తమ కింది వాళ్ళకు శరీరం, తెలివి, నాయకత్వం, శీలం ఇలా విడివిడిగా మార్కులు వేస్తే, ఆ మార్కులు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉండటం ఆయన గమనించాడు. దేహదారుఢ్యానికీ తెలివికీ నిజంగా అంత చుట్టరికం ఉండదు. మార్కులు వేసేవాడి మనసులో ఒక ముద్ర పడితే అదే అన్ని గడుల్లోనూ దిగుతోంది. 1920లో అచ్చయిన ఆ పత్రంలో దానికి ఆయన పెట్టిన పేరు 'హాలో'. మన పల్లెల్లో చంద్రుడి చుట్టూ కట్టే ఆ వలయానికి వరదగుడి అని చక్కటి పేరుంది.

అందం దగ్గర ఈ గుడి మరీ పెద్దది. 1974లో డేవిడ్ లాండీ, హెరాల్డ్ సిగాల్ ఒక ప్రయోగం చేశారు. ఒకటే వ్యాసానికి కొన్నిసార్లు అందమైన అమ్మాయి ఫొటో, కొన్నిసార్లు అందంగా లేని అమ్మాయి ఫొటో జతచేసి, కాలేజీ కుర్రాళ్ళను మార్కులు వేయమన్నారు. రాసింది అందగత్తె అనుకున్నప్పుడు వ్యాసానికి మార్కులు పెరిగాయి. వ్యాసం నాసిరకంగా ఉన్నప్పుడు ఆ తేడా ఇంకా ఎక్కువ. అంటే తప్పు చేసినప్పుడు అందం కాపాడుతుంది, అందం లేనివాళ్ళకు తప్పు చేసే వెసులుబాటు తక్కువ. ఇంటర్వ్యూలో తడబాటు అందరికీ ఉంటుంది. ఒకరి తడబాటు 'ఫ్రెషర్ కదా, నేర్చుకుంటాడు' అయితే ఇంకొకరి తడబాటు 'బేసిక్స్ లేవు' అవుతుంది. జీతాల్లోనూ ఇది కనబడింది. అమెరికా, కెనడా సర్వేల ఆధారంగా డేనియల్ హామర్‌మెష్, జెఫ్ బిడిల్ 1994లో లెక్కగడితే, చూపరులు అందంలో తక్కువని గుర్తించినవాళ్ళ సంపాదన మామూలు రూపం ఉన్నవాళ్ళ కంటే ఐదు నుంచి పది శాతం తక్కువ తేలింది.

"అందగాళ్ళకి నిజంగానే మాటకారితనం, ధైర్యం ఉంటాయేమో కదా, మార్కులు వాటికే పడుతున్నాయేమో కదా" అని అడిగేవాళ్ళున్నారు. దీనికి జవాబు 1977లో మిన్నెసోటాలో మార్క్ స్నైడర్ బృందం చేసిన ప్రయోగంలో ఉంది. అబ్బాయిలు, ముఖం చూడని అమ్మాయిలతో ఫోన్లో మాట్లాడారు. అబ్బాయిల చేతికి ముందే ఒక ఫొటో ఇచ్చారు. అది అవతలి అమ్మాయిది కాదు, ఆ సంగతి ఆ అమ్మాయికీ తెలియదు. అందమైన ఫొటో అందినవాళ్ళు ఆదరంగా మాట్లాడారు. విశేషం తర్వాత ఉంది. అమ్మాయిల గొంతు మాత్రమే వేరేవాళ్ళకు వినిపిస్తే, అందగత్తె అనుకుని పలకరించబడిన అమ్మాయిలు మరింత కలుపుగోలుగా, స్నేహంగా ఉన్నారని చెప్పారు. వాళ్ళ ముఖాలు ఎలాంటివైనా, ఆదరం అందిన చోట కలుపుగోలుతనం వచ్చింది. మనం పర్సనాలిటీ అని మార్కులు వేసేదాన్ని అంతకుముందు లోకం చూసిన చూపే తయారుచేసింది. చిన్నప్పట్నుంచి ముందు వరసలో కూర్చోబెట్టిన పిల్లాడికీ, స్కూల్ డే నాడు స్టేజీ వెనక్కి పంపిన పిల్లాడికీ ఒకే ధైర్యం ఉండమంటే ఎక్కణ్ణుంచి తెస్తారు?

ఈ మాట ఎక్కడ ఎక్కువ గుచ్చుకుంటుందో చూడాలంటే హైదరాబాద్‌కు వంద కిలోమీటర్ల లోపే ఉన్న మర్రిగూడ, మునుగోడు ప్రాంతాన్ని తలచుకోవాలి. నల్లగొండ నేలలోని ఫ్లోరైడ్ కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. అంతకు మించిన బోరునీళ్ళు తాగి అక్కడ తరాలు పెరిగాయి. ఎముకలు వంగినవాళ్ళ బాధ లోకానికి తెలిసింది. పళ్ళ సంగతి అంతగా ఎవరూ మాట్లాడలేదు. పసితనంలో చిగుళ్ళ లోపల పంటి మీది పింగాణీ పొర తయారయ్యేటప్పుడే ఫ్లోరైడ్ దాన్ని పాడుచేస్తుంది. పైకి వచ్చేసరికే పంటి మీద సుద్దరంగు మచ్చలు, గోధుమరంగు చారలు. తోమితే పోవు. మిషన్ భగీరథ నీళ్ళు రాకముందు అక్కడ పెరిగిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. ఉద్యోగాలు వెతుక్కునే వయసు అది.

సాఫ్ట్ స్కిల్స్ క్లాసులో మొదటి పాఠం, నవ్వుతూ పలకరించండి అని. ఆ ఊరి పిల్ల పెదవులు మూసుకుని నవ్వుతుంది, మాట్లాడేటప్పుడు చెయ్యి దానంతటదే నోటి దగ్గరికి వెళ్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళకు 'కాన్ఫిడెన్స్ తక్కువ' అనిపిస్తుంది. నోరు తెరిచి నవ్వితే గార పళ్ళు అనుకుంటారు. గార పళ్ళంటే శుభ్రత లేదని, శుభ్రత లేనివాళ్ళకు క్రమశిక్షణ ఉండదని, క్రమశిక్షణ లేకపోతే క్లయింట్ ముందుకు పంపలేమని అంచెలంచెలుగా తేలిపోతుంది. నీళ్ళు చేసిన తప్పు నాలుగు అంచెల్లో పిల్ల గుణమై కూర్చుంటుంది. ఇది ఎవరూ కావాలని చేయడం లేదు. అందుకే దీన్ని ఆపడం కష్టం.

రంగు, ఎత్తు, ఒళ్ళు, మొటిమలు, పళ్ళు, జుట్టు. వీటిలో చాలావాటి వెనక తిండి ఉంది, నీళ్ళున్నాయి, ఎండలో చేసిన పని ఉంది, దంతవైద్యుడికి ఇవ్వడానికి డబ్బు లేకపోవడం ఉంది. 'ప్రెజెంటబుల్‌గా ఉండాలి' అన్నప్పుడు అడుగుతున్నది ఒక్కోసారి ఇంటి స్తోమతునే. రిసెప్షన్ ఉద్యోగాల ప్రకటనల్లో 'ప్లీజింగ్ పర్సనాలిటీ' అని రాస్తే చదివే ప్రతి అమ్మాయికీ దాని అర్థం తెలుసు. ఆడవాళ్ళకు ఈ కత్తి రెండువైపులా తెగుతుంది. మేడలిన్ హైల్‌మన్, లోయిస్ సరువతారి 1979లో చూపించినట్టు, అందం మగవాళ్ళకు గుమాస్తా ఉద్యోగంలోనూ మేనేజర్ ఉద్యోగంలోనూ కలిసొచ్చింది. ఆడవాళ్ళకు గుమాస్తా ఉద్యోగం దగ్గరే కలిసొచ్చింది, మేనేజర్ ఉద్యోగం దగ్గర అడ్డొచ్చింది. అందంగా ఉన్న అమ్మాయికి ప్రమోషన్ వస్తే క్యాంటీన్‌లో ఏం మాట్లాడుకుంటారో ఐటీ కారిడార్‌లో పనిచేసే ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆమె రాత్రిళ్ళు కూర్చుని చేసిన పని ఆ మాటల్లో మాయమైపోతుంది.

2025 మే 31న ఇదే సైబరాబాద్‌లో, హైటెక్స్‌లో మిస్ వరల్డ్ ఫైనల్ జరిగింది. పోటీకి వచ్చినవాళ్ళకు తాము దేనికి వచ్చారో తెలుసు, మార్కులు వేసేవాళ్ళకూ తెలుసు. ఫ్రెషర్ మాత్రం కోడ్ రాయడానికి వచ్చాననుకుంటాడు. తాను ఇంకో పోటీలో కూడా ఉన్నానని అతనికి ఎవరూ చెప్పరు, ఓడిపోయాక కూడా చెప్పరు. ఫ్రాన్స్ 2001లోనే శరీర రూపాన్ని బట్టి ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని చట్టంలో రాసుకుంది. మన రాజ్యాంగం 16వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి, రూపం లేదు. పైగా అది వర్తించేది సర్కారు కొలువులకు. కనుక ప్రస్తుతానికి ఈ న్యాయం గదిలో కూర్చున్నవాళ్ళ మనస్సాక్షి మీదా, వాళ్ళ చేతిలోని కాగితం మీదా ఆధారపడి ఉంది.

తెలుగు ఈ విషయంలో మచ్చలేనిదని అనను. 'చక్కని' అనే మాటే చూడండి. చక్కని పిల్ల, చక్కని పని, చక్కని బుద్ధి. నిటారైనది, సరైనది, అందమైనది అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. చక్కనమ్మ చిక్కినా అందమే అన్న సామెత థార్న్‌డైక్ చెప్పిందే చెబుతోంది. ఒకసారి గుడి కట్టాక ఏం జరిగినా దాని వెలుగులోనే చూస్తాం. అయితే విరుగుడూ భాషలోనే ఉంది. ఆకారం మాత్రమే ఉన్నవాణ్ణి విగ్రహపుష్టి నైవేద్యనష్టి అన్నాం. మనిషిని బట్టి మర్యాద మార్చడాన్ని ముఖం చూసి బొట్టు పెట్టడం అని నిలదీశాం. ఆ తప్పు ముఖం దగ్గరే మొదలవుతుందని గుర్తుపట్టి, దాని పేరులోనే పెట్టినవాళ్ళు మన పూర్వులు.

వీటన్నిటికంటే విలువైన మాట ఒకటి మన నాటకరంగం నుంచే వచ్చింది. ఐటీలో పొద్దస్తమానం వినబడే 'రోల్' అనే మాట కూడా నాటకాలదే. నటుడి సంభాషణలు రాసి చుట్టిన కాగితపు చుట్టకు ఫ్రెంచివాళ్ళ పేరు అది. దానికి మన మాట పాత్ర. సంస్కృతంలో తాగడమనే అర్థమున్న 'పా' ధాతువు నుంచి వచ్చింది, మొదటి అర్థం గిన్నె. లాటిన్ వాళ్ళు నటుణ్ణి అతని ముసుగు పేరుతో పిలిస్తే, మనం గిన్నె పేరుతో పిలిచాం. ముసుగుకు కావలసింది చూపు. గిన్నెకు కావలసింది పట్టు, అంటే అది ఎంత నిలుపుకోగలదు, కారుతుందా కారదా అని. ఆ మాట నాటకశాలలో ఆగిపోలేదు. తగినవాడు పాత్రుడు, తగినతనం పాత్రత, తగనివాడికి ఇస్తే అపాత్రదానం. పెర్సోనా నుంచి పర్సనాలిటీ వచ్చింది, పాత్ర నుంచి పాత్రత వచ్చింది. ఉద్యోగానికి మనిషిని ఎంచేటప్పుడు వెతకవలసింది ఈ రెండోదాన్ని.

పాత్రతను చూపుతో కొలవలేం, పోసి చూడాలి. ఎలా పోయాలో తెలియనిదేం కాదు. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ ఎనభై అయిదేళ్ళ పరిశోధనలను కలిపి 1998లో చెప్పిన మాట ఇదే. చేయబోయే పనిలో ఒక ముక్క ఇచ్చి చేయించి చూడటం, అందరినీ ముందే రాసుకున్న ఒకే ప్రశ్నలు అడగడం, ఈ రెండూ ముచ్చట్లాంటి ఇంటర్వ్యూ కంటే మనిషి పనితనాన్ని బాగా పట్టిస్తాయి. రెజ్యూమేలో ఫొటో అడగకుండా ఉండవచ్చు. కోడింగ్ పరీక్ష పేరు, ముఖం లేకుండా దిద్దవచ్చు. వీడియో ఇంటర్వ్యూ మొదటి అరగంట కెమెరా ఆపమని చెప్పవచ్చు. ఒక్కో గడికి మార్కు వేశాక, పక్క గడికి వెళ్ళేముందు, ఈ మార్కు ఏ జవాబుకు వేశానో ఒక వాక్యం రాయమనవచ్చు. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఈ వ్యాసం చదివేవాళ్ళలో రేపు ఎవరినో ఎంపిక చేయబోయేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళను నేను కోరేది ఇంతే. పర్సనాలిటీ అనే మాటను తెలుగువాళ్ళు పెట్టిన చోటే, ఒంటి దగ్గరే ఉంచండి. అప్పుడు ఆ గడిలో అంకె వేయబోయే ముందు, మీరు ఎదుటి మనిషి ఎత్తుకూ రంగుకూ పళ్ళకూ మార్కులు వేస్తున్నారని మీకే వినబడుతుంది. వినబడ్డాక మర్యాదగల మనిషెవరూ ఆ పని చేయరని నా నమ్మకం. ఆ గడి కొట్టేసి పాత్రత అని రాయండి. దాని కింద ఆధారానికి నాలుగు గీతల చోటు వదలండి. రాయడానికి ఆధారం దొరకనప్పుడు అంకె కూడా వేయకండి.